‘డల్ స్టూడెంట్’ అనకండి!

మన బెంగళూరులో మనకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లిష్ కూడా. ఇన్ని భాషలుండి కూడా విద్యార్థి గురించి చెప్పాలంటే పెద్దల నోట రెండే ఇంగ్లిష్ విశేషణాలు వస్తాయి. ఒకటి బ్రిలియంట్, ఇంకోటి డల్. ఈ రెండో మాట మీదే నా అభ్యంతరం.

ఇంగ్లిష్‌లో డల్‌కు చాలా అర్థాలున్నాయి. కత్తి డల్ అంటే మొద్దుబారింది, రంగు డల్ అంటే వెలిసింది, ఆకాశం డల్ అంటే మబ్బు పట్టింది, పాఠం డల్ అంటే విసుగు పుట్టించేది. మొద్దుబారిన కత్తిని సాన పడతాం గానీ పారెయ్యం కదా! "ఏంరా, ఈరోజు డల్‌గా ఉన్నావ్?" అని మనమే అడుగుతాం. ఆ డల్ సాయంత్రానికి పోతుంది. "వీడు డల్ స్టూడెంట్" అన్న మాట మాత్రం పదో తరగతి దాకా వదలదు.

"మార్కులు రాకపోతే ఇంకేమనాలి?" అంటారు. ఎస్సెస్సెల్సీలో ఆరు సబ్జెక్టులు. అన్నిటికీ కలిపి ఒక్క మాటేనా? "వీడికి భిన్నాలు ఇంకా రావడం లేదు" అంటే ఏం నేర్పాలో తెలుస్తుంది. డల్ అంటే ఏమీ తెలీదు, నేర్పే పని కూడా అక్కడే ఆగిపోతుంది.

నైస్ అనే మాట చూడండి. ‘తెలియనివాడు’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. పాత ఇంగ్లిష్ రాతల్లో దానికి తెలివితక్కువ అనే అర్థం ఉండేది. ఇప్పుడది మెప్పుకోలు. మాటే ఇంతగా మారితే, పదిహేనేళ్ల పిల్లలం మేం మారమా?

అందుకే తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. పేరెంట్స్ మీటింగులో డల్ అనకండి. మాకు ఏం రాలేదో చెప్పండి, నేర్చుకుంటాం.