మల్లెకు కత్తెర వేసే నెల ఇది

మా వీధిలో పదకొండు ఇళ్లలో మల్లెతీగ ఉంది. వేసవిలో తాము పెట్టుకుని పక్కింటికి కూడా ఇవ్వగలిగేది మూడిళ్ల వాళ్లే. మిగతా ఎనిమిది తీగలూ ఏపుగా గోడలెక్కి ఉంటాయి, పూలు మాత్రం గుప్పెడు రావు. మట్టి ఒకటే, పోసే కృష్ణ నీళ్లూ ఒకటే. ఆ మూడిళ్ల వాళ్లు ఏటా కొమ్మలు కోస్తారు, మిగతావాళ్లు కోయరు.

నేనూ ఒకప్పుడు కోయనిదాన్నే. ఆరేళ్ల కిందట మార్చిలో ఒక నర్సరీలో మొగ్గలతో ఉన్న మొక్క కొన్నాను. ‘‘నీళ్లు పోస్తే చాలమ్మా’’ అన్నాడు అమ్మిన అబ్బాయి. ఆ మాట పట్టుకుని రోజూ రెండు పూటలా పోశాను. మూడేళ్లకు తీగ పిట్టగోడ దాటింది. చిటారున, చెయ్యి అందని చోట పదో పన్నెండో పూలు. తీయించేద్దామనుకుంటుండగా మైలవరం నుంచి మా ఆడపడుచు వచ్చింది. మొదలు చూసి, ‘‘వదినా, దీన్నెప్పుడన్నా కోయించావా?’’ అంది. లేదు. పచ్చని చెట్టు మీద కత్తి పెట్టకూడదని మా అమ్మ నేర్పింది. ఆ మాటంటే నాకిప్పటికీ గౌరవమే. కానీ మల్లెకు అది వర్తించదు.

మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురు మీద. అందుకే మైలవరం వైపు రైతులు చలికాలం రాగానే తోటకు నీళ్లు ఆపేస్తారు. ఆకు పండి రాలుతుంది. మిగిలిన ఆకును కొందరు గొర్రెల్ని తోలి మేపిస్తారు. ఆ తర్వాత మోకాలెత్తున కొమ్మలు కోసి, పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీరు పెడతారు. అలా మోడు చేసిన తోటే వేసవిలో గంపలకొద్దీ పూస్తుంది.

ఆ డిసెంబరులో మా ఆడపడుచే దగ్గరుండి కోసింది. ముందు రెండు వారాలు నీళ్లు మాన్పించింది. నేల నుంచి అడుగున్నర వదిలి పైదంతా తీసేసింది. ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మలు అన్నీ పోయాయి. ఉన్న ఆకునంతా చేత్తో దూసేసింది. నేను తుప్పు కత్తెర తెచ్చిస్తే ఒప్పుకోలేదు. కొమ్మ తెగకుండా నలిగితే అక్కడి నుంచే ఎండుతూ వస్తుందట. పదునైన కత్తెరతో కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కోసింది. మొదలు దగ్గర గంపెడు మాగిన ఎరువు వేయించింది. రెండు రోజులు ఆ గోడ వైపు చూడ్డానికి నాకు మనసు రాలేదు. మూడో వారానికల్లా కణుపు కణుపుకూ రెండేసి చిగుళ్లు. ఏప్రిల్‌లో రోజూ సోలెడు మొగ్గలు కోశాను.

ఏడాది నిండని లేత మొక్కకు ఇంత కోత అక్కర్లేదు. తీగ సాగుతుంటే కొనలు తుంచుతూ ఉంటే చాలు, పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. ఎండ బాగా తగలాలి. నీడలో పెట్టి పూయలేదంటే తప్పు మొక్కది కాదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పాలిపోతుంటే ఇనుము తక్కువైనట్టు. అన్నభేది లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి ఆకుల మీద చల్లాలి.

ఇవేవీ నాకు మొక్క అమ్మినవాళ్లు చెప్పలేదు. కడియం నర్సరీల నుంచి ఊరూరికీ మొక్కలు వెళ్తున్నాయి. ఏ ఊళ్లో అమ్మేవాళ్లయినా పేరూ ధరా చెప్పడంతో ఆగిపోకూడదు. మల్లెకు నవంబరు చివర, జాజికి డిసెంబరు, సన్నజాజికి జనవరి చివర. ఈ కోత నెల ఒక్కటి చీటీ మీద రాసి మొక్కకు కడితే చాలు. కొనేవాళ్లు మూడేళ్లు ఎదురుచూసి, విసిగి, మంచి మొక్కను పీకేయరు. మా వీధిలో అలా పీకేసినవి నాకు తెలిసి రెండున్నాయి.

నవంబరు చివరికొచ్చాం. ఈ వారం నుంచి మీ మల్లెకు నీళ్లు ఆపండి. డిసెంబరు దాటకుండా కోసేయండి. మార్చిలో గుర్తొచ్చి కోస్తే ఆ ఏటి తొలిపూత పోయినట్టే.