ఆట ముగిసిన తరువాత

క్రీడాకారుల కోటాలో చేరిన ఉద్యోగుల గురించి గనుల కాలనీలలో ఒక మాట తరచు వినవస్తూంటుంది: "ఆడినన్నాళ్ళు ఆడాడు, ఇక అతనివల్ల ఏమవుతుంది?" అని. అనేవారికి దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ మాట పడేవాని ఇంట్లో భార్యాబిడ్డలుంటారు. ముప్పై ఏళ్ళకే ఆట ముగిసిన మనిషికి దాదాపు మరో ముప్పై ఏళ్ళ ఉద్యోగం మిగిలి ఉంటుంది. ఆ కాలమంతా అతడు ఏమై బతకాలన్నది అతనికి మాత్రమే కాదు, అతనితో కలిసి పనిచేసే మనకూ సంబంధించిన విషయమే. మా సర్వీసులో తారసపడిన ఇద్దరు మాజీ ఆటగాళ్ళను ఈ మాసం పాఠకులకు పరిచయం చేస్తాము.

బైలదిల్లా కొండలకూ జపానుకూ ఉన్న బంధం పాఠకులు ఎరిగినదే. 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడి ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడానికే కిరండుల్ నుంచి కొత్తవలసకు రైలుమార్గం వేశారు. 14వ నిక్షేపంలో 1968లో ఉత్పత్తి ఆరంభమయింది. కొనుగోలుదారుల తరఫున నిపుణులు వచ్చి చూసి వెళ్ళడం అప్పటినుంచీ ఉన్న ఆనవాయితీ. బస్తర్ ఇంకా ఒకే జిల్లాగా ఉన్న 1990ల నడిమి రోజులలో అలా వచ్చిన బృందంలో యాభై దాటిన పెద్దమనిషి ఒకరున్నారు. ఖనిజపు రాయిని భుజానికి పైగా ఎత్తి వెలుగులో చూడవలసి వచ్చినప్పుడల్లా దానిని కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చుకునేవారు. భోజనవేళ దుబాసీ ద్వారా కారణం అడిగాము. యౌవనంలో ఆయన తమ కర్మాగారపు బేస్‌బాల్ జట్టులో పిచ్చరు, అనగా బంతి విసిరే ఆటగాడు. జీతం కర్మాగారానిదే, పని మాత్రం ఆటే.

జపానులో ఇది చిన్న సంగతి కాదు. నగరాల పేరిట కంపెనీ జట్లు తలపడే పోటీ అక్కడ 1927 నుంచి ఉన్నది. 1995లో అమెరికా వెళ్ళి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులో పేరు గడించిన హిదేవో నోమో సైతం మొదట నిప్పన్ స్టీల్ వారి సకాయి జట్టులో ఆడినవాడే. పిచ్చరు నిలిచే పలకకూ బ్యాటు పట్టినవాని గడపకూ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఆ దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు. అటువంటి విసురులను ఏడేళ్ళు భరించిన ఆయన భుజం ఒక వేసవిలో మొరాయించింది. యాజమాన్యం ఆయనను ఖనిజపు యార్డుకు మార్చింది. మొదటి ఏడాది ఆటస్థలం కనబడకుండా చుట్టుదారిన ఇంటికి వెళ్ళేవారట. తరువాత ఒక పాత అలవాటు ఆయనను ఆదుకున్నది. ఆడే రోజులలో ప్రతి విసురునూ నోటుపుస్తకంలో రాసుకునేవారు. అదే శ్రద్ధతో యార్డుకు వచ్చిన ప్రతి లోడు గుణాన్నీ రాయసాగారు. పదేళ్ళు గడిచేసరికి ఖనిజం విషయంలో సందేహం వస్తే పైవారు ఆ పుస్తకాలనే తెప్పించుకునేవారట. "బంతి అయినా ఖనిజమైనా ఒకలాగే కనిపిస్తుంది. నిన్నటిది ఈనాటిది కాదు" అని ఆయన అన్నారు.

రెండవ మనిషి మనవాడే. సికింద్రాబాదువాడు, ఫుట్‌బాల్ గోల్‌కీపరు. కలకత్తాలో ఒక క్లబ్బుకు డబ్బు తీసుకొని మూడేళ్ళు ఆడి, కోటాలో ఇక్కడ చేరాడు. మోకాలు దెబ్బతిన్నాక అతనికి స్టోర్సులో కుర్చీ చూపబోయారు. "సార్, కూర్చోబెడితే కుంటివాణ్ణే అవుతాను. చేతిపని ఏదైనా నేర్పించండి" అని మా వద్దకు వచ్చాడు. కన్వేయరు బెల్టు అతుకు వేసే ముఠాలో చేర్చాము. వంకరపోయిన వేళ్ళతో ఆ పని పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది.

గోల్‌కీపరుకు మైదానమంతా ఎదుట కనిపిస్తుంది. కనుక తోటివారిని కేకవేసి హెచ్చరించడం అతని విధి. ఆ కేకను ఇతడు బెల్టు వద్దకూ తెచ్చాడు. స్విచ్చికి తాళం వేయడం, పలక తగిలించడం వంటి నియమాలు ఎలాగూ ఉన్నవే. తాళం తీసే ముందు ఇతడు ప్రతివానినీ పేరుపెట్టి పిలిచి, "ఉన్నాను" అన్న జవాబు చెవిన పడితేనే సంతకం పెట్టేవాడు. కొందరు నవ్వేవారు, హాజరుపట్టీ అని పేరు కూడా పెట్టారు. ఒక వర్షపు రాత్రి ఏడు పేర్లకు ఆరు జవాబులే వచ్చాయి. లోడు ఆలస్యమవుతోందని ఫోను మీద ఫోను వస్తున్నా ఇతడు సంతకం పెట్టలేదు. టార్చిలైట్లతో వెదకగా, మరచిపోయిన పార తెచ్చుకోవడానికి వెనక్కు వెళ్ళిన సహాయకుడు తిరుగు బెల్టు కింద రోలర్ల నడుమ కనిపించాడు. వాన హోరులో అతనికి పిలుపు వినబడలేదు. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు.

పేరు గడించినవారికీ ఈ రెండవ జీవితం తప్పదు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్సులో హంగేరీ మీద, పెరూ మీద గోల్సు చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. మరుసటి ఏడాదే, ముప్పై నిండకముందే, అనారోగ్యంవల్ల ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో ఉన్నాడు. అది ఆగ్నేయ రైల్వేవారి జట్టు, 2003 వరకు మన ఖనిజాన్ని విశాఖకు మోసినదీ ఆ రైల్వేయే. ఆయన తరువాతి కాలంలో కుర్రవాళ్ళకు ఆట నేర్పాడు. 2023లో కన్నుమూశాడు.

విభాగాధిపతులకు మా మనవి ఒక్కటే. ఆటగాడు చేరినప్పుడు, అతడు ఇంకా మెడల్సు తెస్తున్నప్పుడే, ఒక చేతిపని నేర్పడం మొదలుపెట్టండి. మోకాలు పోయాక వెదికితే దొరికేది కుర్చీయే. సహోద్యోగులకూ ఒక మాట. అటువంటి మనిషి మీ సెక్షనుకు వస్తే ఎన్ని గోల్సు ఆపావని మాత్రమే అడిగి ఊరుకోకండి. గోలు వద్ద నిలబడి ఏమి చూసేవాడివని కూడా అడగండి. ఆ జవాబులో మీకు పనికివచ్చే సంగతి ఒకటైనా ఉంటుంది. మా గోల్‌కీపరు రిటైరయ్యాడు. అతడు పనిచేసిన ముఠాలో తాళం తీసే ముందు పేర్లు పిలవడం మాత్రం ఈనాటికీ మానలేదు.