కంచె చేను మేయకుండా...

కొట్లో సరుకులు కొన్నాక కాగితం మీద రాసిచ్చిన లెక్కని ఒకటికి రెండుసార్లు కూడి చూసుకుంటాం. అదే కంప్యూటర్ బిల్లయితే? మారుమాట్లాడకుండా జేబులో పెట్టేసుకుంటాం. కంప్యూటర్ లెక్క తప్పదని అంత నమ్మకం. మరి వెయ్యి లెక్కలకు రెండుమూడైనా తప్పు చేసే కంప్యూటర్‌ని ఎవరైనా కోరుకుంటారా? కోరుకోవడమేంటి, గూగుల్, ఐబీఎం లాంటి సంస్థలు దానికోసం ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరిస్తున్నాయి. అదే క్వాంటమ్ కంప్యూటర్!

మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే సున్నా, లేదంటే ఒకటి. క్వాంటమ్ కంప్యూటర్‌లోని క్యూబిట్ ఆ రెండిటి కలయికగానూ ఉండగలదు. ఈ గుణాన్ని తెలివిగా వాడుకుంటే కొన్ని లెక్కలు- అన్నీ కాదు, కొన్నే- మహా వేగంగా తేలిపోతాయి. అలాంటి లెక్కనొకదాన్ని చూపించి 1994లో బెల్ ల్యాబ్స్ గణితవేత్త పీటర్ షోర్ గగ్గోలు పుట్టించారు. పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టడం... అంతే. 'ఓస్, హైస్కూలు లెక్కేగా' అనుకోవద్దు. వందల అంకెలుండే సంఖ్యని విడగొట్టడం ఏ కంప్యూటర్ వల్లా కాదన్న ధీమాతోనే ఆన్‌లైన్ బ్యాంకింగ్ తాళాలెన్నో తయారయ్యాయి.

మూడు దశాబ్దాలు గడిచాయి. ఆ తాళాలు ఇంకా పగల్లేదు. ఎందుకంటే, క్యూబిట్ అత్తిపత్తి మొక్క లాంటిది. కాస్త వేడి తగిలినా, దారినపోయే చిన్న విద్యుత్ తరంగం సోకినా ముడుచుకుపోతుంది. గూగుల్, ఐబీఎం వాడే రకం క్యూబిట్లని దాదాపు మైనస్ 273 డిగ్రీల చలిలో ఉంచుతారు. అంత చేసినా తప్పులు తప్పవు.

మామూలు సమాచారమైతే మూడు నకళ్లు తీసి దాచుకోవచ్చు. ఒకటి చెడినా మిగతా రెండూ ఉంటాయి. క్యూబిట్ దగ్గర ఆ పప్పులుడకవు. దానికి నకలు తీయడం ప్రకృతి నియమాల ప్రకారమే కుదరదు. పోనీ సరిగ్గా ఉందో లేదో తొంగిచూద్దామా అంటే, చూసిన మరుక్షణం ఆ కలయిక కాస్తా చెదిరి సున్నాగానో ఒకటిగానో మారిపోతుంది!

దీనికి మందు కనిపెట్టిందీ షోరే, 1995లో. ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిదింటిలో పరిచిపెట్టే పద్ధతి అది. పరీక్ష హాల్లో మాస్టారు 'నీ జవాబు ఎంత?' అనకుండా, 'మీ ఇద్దరి జవాబులూ ఒకటేనా, కాదా?' అని మాత్రమే అడిగారనుకోండి. జవాబేంటో బయటపడదు. తేడా వచ్చిందని మాత్రం తెలిసిపోతుంది. వరసలో ఉన్న అందర్నీ ఇలా అడుగుతూపోతే తప్పుచేసిందెవరో పట్టుకోవచ్చు.

చిక్కల్లా ఆ మాస్టార్లతోనే. వాళ్లూ క్యూబిట్లే మరి! వాళ్లూ పొరబడతారు. అందుకే చాలాకాలం, కంచే చేను మేసినట్టు, కాపలా పెంచేకొద్దీ తప్పులూ పెరుగుతూ వచ్చాయి. 2024 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన 105 క్యూబిట్ల 'విల్లో' చిప్ గొప్పదనమంతా ఇక్కడే ఉంది. 3×3, 5×5, 7×7 గళ్లుగా క్యూబిట్లని పేర్చుకుంటూ వెళ్తే, పెంచిన ప్రతిసారీ తప్పులు సగానికి పైగా తగ్గాయి. అందరూ ఆ చిప్ వేగం గురించే మాట్లాడుకున్నారు కానీ, అసలు కబురు ఇదీ.

ఫిర్యాదులు వినడం ఒకెత్తు, దొంగని పట్టడం మరో ఎత్తు. విల్లోలో దాదాపు మైక్రోసెకనుకోసారి, అంటే సెకనుకి పదిలక్షల సార్లు తనిఖీ జరుగుతుంది. ఆ సంకేతాల కుప్పలోంచి తప్పు ఎక్కడ జరిగిందో ఊహించే ప్రోగ్రామే డీకోడర్. అది నడిచేది మామూలు కంప్యూటర్‌లోనే. కృత్రిమ మేధ అడుగుపెట్టింది సరిగ్గా ఈ చోటే. గూగుల్ డీప్‌మైండ్ శాస్త్రవేత్తలు తయారుచేసిన 'ఆల్ఫాక్యూబిట్' వివరాలు 2024 నవంబరులో నేచర్ పత్రికలో వచ్చాయి. చాట్‌బాట్‌ల వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ పరిజ్ఞానమే దీనికీ ఆధారం. కోట్లాది ఉత్తుత్తి తప్పుల మీద తర్ఫీదు ఇచ్చి, తర్వాత అసలు చిప్ తప్పుల మీదికి వదిలారు. అంతవరకూ అన్నిటికన్నా కచ్చితమైనదిగా పేరున్న పద్ధతి కంటే 6 శాతం, వేగంగా పనిచేసే మరో పద్ధతి కంటే 30 శాతం తక్కువ తప్పులు చేసింది. ఒకటే లోటు... మైక్రోసెకనుకో తనిఖీ వచ్చిపడుతుంటే, దానికి తగ్గ వేగం అప్పటి ఆల్ఫాక్యూబిట్‌కి లేదు. దొంగ పారిపోయాక వచ్చే పోలీసు ఎంత తెలివైనవాడైతే ఏం లాభం?

మరి బ్యాంకు తాళాల సంగతో? ఇప్పుడు ఎక్కువగా వాడే తాళాన్ని పగలగొట్టడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ, మరో శాస్త్రవేత్త కలిసి లెక్కగట్టారు. 2025 మేలో గిడ్నీయే మళ్లీ లెక్కేసి, 10 లక్షల లోపే చాలు, వారంలోపు పని అయిపోతుందని తేల్చారు. యంత్రం పెరగకుండానే దూరం ఇరవయ్యో వంతుకి తగ్గిపోయిందన్నమాట! అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2024 ఆగస్టులోనే క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగని మూడు కొత్త విధానాలను విడుదల చేసింది. తాళాలు మార్చాల్సిన పని ఇక బ్యాంకులది, ప్రభుత్వాలది. తొందర ఎందుకంటే, ఈరోజు దొంగిలించిన రహస్యాన్ని దాచిపెట్టుకుని, యంత్రం వచ్చాక తీరిగ్గా తెరుచుకోవచ్చు.

అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పనున్నట్టు 2025లో ప్రకటించినప్పుడు అందరి చూపూ ఆ 156 మీదే పడింది. అలాంటి యంత్రం గురించి ఎక్కడ విన్నా అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది- వెయ్యి లెక్కలకు ఎన్ని తప్పులు?