దూరవిద్య డిగ్రీ: కొలువులో విలువెంత?

రెజ్యూమె తిరగేస్తున్న హెచ్‌ఆర్‌ అధికారి పెన్ను తరచూ ఒకే చోట ఆగుతుంది: రెగ్యులరా, డిస్టెన్సా? యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని 2020 నాటి నిబంధనలే చెబుతున్నాయి. దాంతో సివిల్స్‌ కూడా రాయొచ్చు.

అయినా అనుమానం పోలేదు. అందుకు కారణమూ ఉంది. కొన్ని డీమ్డ్‌ వర్సిటీలు ఏఐసీటీఈ అనుమతి లేకుండానే దూరవిద్యలో ఇంజినీరింగ్‌ పట్టాలు పంచాయి. 2017లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టాక, వాటితో ఉద్యోగాల్లో చేరినవాళ్లు నడిసంద్రంలో పడ్డారు. ల్యాబ్‌ లేని ఇంజినీరింగ్‌ను శంకించడం సబబే. ఆ శంకను బీకాం మీదా రుద్దడం అన్యాయం.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. అదే నేటి అంబేడ్కర్‌ వర్సిటీ. దాని తొలి వీసీ జి.రాంరెడ్డే 1985లో ఇగ్నోకూ తొలి వీసీ అయ్యారు. వారమంతా కొట్టులో పద్దులు రాసి, ఆదివారం స్టడీ సెంటర్‌ బెంచీ మీద కాస్ట్‌ అకౌంటింగ్‌ లెక్కలు చేసుకునే అమ్మాయిల కోసమే ఈ చదువు. అలాంటి అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే, ఆమె చేతికి ఓ బ్యాలెన్స్‌షీట్‌ ఇచ్చి చూడాలి. ఆ పని చేయకుండానే ఫైలు పక్కన పెట్టే సంస్థలు మంచి ఉద్యోగులను పోగొట్టుకుంటున్నాయి.

చేరబోయే కోర్సుకు ఆ ఏడాది యూజీసీ అనుమతి ఉందో లేదో ఎలా చూసుకోవాలో ఈ సంచిక ముఖచిత్ర కథనంలో ఉంది. ఫీజు కట్టే ముందే చదవండి.