భయపెట్టే అన్న... బుజ్జగించే అన్న

ఇంటి నిండా కెమెరాలు. ఎవరేం మాట్లాడినా, ఎప్పుడు కునుకు తీసినా పసిగట్టే కనిపించని గొంతు. 2017లో తెలుగులో మొదలైన ‘బిగ్‌బాస్’ ఆట ఇదే కదా! దీనికి మాతృక 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ‘బిగ్‌బ్రదర్’. ఆ పేరేమో బ్రిటిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1949లో తెచ్చిన ‘1984’ నవలలోది. అందులో బిగ్‌బ్రదర్ అంటే ఊరంతా పోస్టర్లలో కనిపించే నియంత. పార్టీ సభ్యుల ఇళ్లలోని తెర బొమ్మలు చూపిస్తూనే ఇంట్లోవాళ్లనూ చూస్తుంటుంది. దాన్ని పూర్తిగా ఆపేసే వీల్లేదు. జనాన్ని హెచ్చరించడానికి పెట్టిన పేరు యాభై ఏళ్లకు ఇంటిల్లిపాదీ చూసే కాలక్షేపమైంది!

ఈ మలుపు చూసి ఆశ్చర్యపోని రచయిత ఎవరైనా ఉంటే అది ఆల్డస్ హక్స్‌లీ. 1932లోనే ఆయన రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో దిగులు పుడితే ‘సోమా’ మాత్ర వేసుకుంటారు. వినోదానికి కొదవుండదు. హాయిగా ఉన్నవాడు ఎదురు తిరగడు మరి! విశేషమేమంటే, ఈటన్ స్కూల్లో ఆర్వెల్‌కు కొన్నాళ్లు ఫ్రెంచ్ చెప్పిన మాస్టారు ఈయనే. ‘1984’ చదివి ఆ ఏడాది అక్టోబరులో పాత శిష్యుడికి ఉత్తరం రాశాడు. పుస్తకాన్ని మెచ్చుకుంటూనే, కొట్టి లొంగదీసుకోవడం కన్నా జనం తమ బానిసత్వాన్ని తామే ఇష్టపడేలా చేయడం తేలికని పాలకులు గ్రహిస్తారన్నాడు.

మరి గురుశిష్యుల్లో ఎవరి మాట నిజమైంది?

తూర్పు జర్మనీని చూస్తే ఆర్వెల్ మాటే. అక్కడి రహస్య పోలీసు విభాగం ‘స్టాసి’కి 1989 నాటికి సుమారు 91 వేల మంది ఉద్యోగులు. వారికి తోడు ఇరుగుపొరుగుల్లో, ఆఫీసుల్లో కలిసిపోయిన లక్షన్నరకు పైగా ఇన్ఫార్మర్లు. దేశ జనాభా మాత్రం కోటీ అరవై లక్షలే. పోగేసిన కాగితాలను వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు! ఎవరి ఫైలు వారు చదువుకునే హక్కు 1992లో వచ్చింది. ఉద్యమకారిణి వెరా వోలెన్‌బెర్గర్ మీద నివేదికలు రాసింది ఎవరో కాదు, ఆమె భర్తే. అక్కడ తెర అవసరమే రాలేదు, మనుషులే సరిపోయారు.

అంత చేసినా 1989లో బెర్లిన్ గోడ నిలవలేదు. భయానికి ఖర్చెక్కువ, ఆయుష్షు తక్కువ. అయితే మాస్టారే గెలిచినట్టా?

తొందరపడకూడదు. 2009 జులైలో అమెరికాలో అమెజాన్ కిండిల్‌లో ‘1984’ కొనుక్కున్నవారి పరికరాల్లోంచి ఆ పుస్తకం మాయమైంది! అమ్మినవారికి ప్రచురణ హక్కులు లేవని తెలిసి, సంస్థ దూరం నుంచే చెరిపేసి డబ్బు తిరిగిచ్చింది. తర్వాత క్షమాపణా చెప్పింది. ఇందులో నియంతృత్వమేమీ లేదు. కానీ సౌకర్యం కోసం కొన్న వస్తువులోకి మరొకరి చెయ్యి చొరబడగలదని తేలింది. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో ఇంకో సంగతి తెలిసింది. జనం చేజేతులా ఇంటర్నెట్ సంస్థలకిచ్చిన వివరాలు అమెరికా నిఘా సంస్థకు చేరుతున్నాయి. హక్స్‌లీ చెప్పిన హాయి పోగేసి పెడితే, ఆర్వెల్ చెప్పిన రాజ్యం వచ్చి తీసుకుపోతోందన్నమాట. ఇద్దరి మాటా కలిస్తేనే అసలు కథ.

అయితే ఆ నవలల్లో లేనిది ఒకటి బయట ఉంది. స్టాసి సిబ్బంది ఫైళ్లు చించేస్తున్నారని తెలిసి, 1990 జనవరి 15న బెర్లిన్ పౌరులు దాని ప్రధాన కార్యాలయంలోకి దూసుకెళ్లారు. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. అడిగేవాళ్లుంటేనే హక్కులు నిలుస్తాయి.

ఆ అడగడం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. టార్చిలైటు యాప్‌కి ఫోన్‌లోని నంబర్లన్నీ ఎందుకట? ‘సరే’ నొక్కేముందు పిల్లలూ పెద్దలూ ఒక్క క్షణం ఆగితే చాలు. తెరను ఆపే వీలు ‘1984’ కథానాయకుడికి లేదు. మన చేతిలో ఇంకా ఉంది!