జొన్నలు కొంటున్నాం, చేను సంగతి?

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. కొర్రలు, సామలు పట్టణాల దుకాణాల్లోకి వచ్చాయి, సంతోషం. అయితే ఆ గింజలు ఎలాంటి చేలో, వేటితో కలిసి పండాయో అడిగేవారు తక్కువ. కొన్న విత్తనంతో, కలుపు మందు కొట్టి, ఒకే పంటగా పండించినా కొర్ర కొర్రే. కానీ మెట్ట రైతులు తరాలుగా కూడబెట్టిన తెలివి అందులో మిగలదు. గింజ దక్కి కలగలుపు చేను పోతే మనకు దక్కింది సగమే.

జహీరాబాద్ చెలకల్లో, వానే ఆధారమైన ఎర్ర నేలల్లో, చిన్న రైతు మహిళలు ఒకే ఎకరంలో పదిహేను, ఇరవై రకాలు విత్తుతారు. వారిలో ఎక్కువ మంది దళితులు. జొన్న సాళ్ల మధ్య కంది, సందుల్లో పెసర, అనుములు, అలసంద, గట్ల వెంట పుంటికూర. పెసర ముందే చేతికొస్తుంది, తర్వాత జొన్న. లోతుకు వేరు తన్నిన కంది, జొన్న కోశాక నేలలో మిగిలిన పదునుతోనే కాస్తుంది. పప్పుజాతి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి. చొప్ప పశువులకు, కందికంప పొయ్యిలోకి. మందు పడని ఆ చేలో ఎవరూ విత్తని దొగ్గలికూర, తుమ్మికూర మొలిచి ఆ పూట కూరవుతాయి. విత్తనానికి మేలైన కంకులను కోతకు ముందే ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడమట్టితో అలికిన బుట్టల్లో దాస్తారు. ఈ మహిళల సంఘాలతో పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఇందులో దిగుబడి ఏముంది అనేవారున్నారు. వానలు బాగా కురిసిన ఏడాది పత్తి తెచ్చే డబ్బు ఈ చేను తేలేదు, నిజమే. కానీ మెట్ట రైతు అప్పులపాలయ్యేది వాన తప్పిన ఏడాదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రావు, విల్లీ జొన్న, కంది సాగుపై జరిగిన 94 ప్రయోగాలను పరిశీలించి 1980లో ఫలితాలు ప్రచురించారు. రాబడి ఒక నిర్ణీత స్థాయికి దిగువన పడిపోవడాన్ని నష్టంగా లెక్కిస్తే, కంది ఒక్కటే వేసిన రైతుకు 5 ఏళ్లకోసారి, జొన్న ఒక్కటే వేస్తే 8 ఏళ్లకోసారి ఆ గతి పడుతుంది. రెండూ కలిపి వేస్తే 36 ఏళ్లకోసారి. దీన్ని పాతకాలపు మోజు అని ఎలా కొట్టిపారేస్తాం? ఇంతకన్నా బరువైన అభ్యంతరం చాకిరీది. కలిపి విత్తిన చేలో కలుపు చేత్తోనే తీయాలి, ఒక్కో పంట ఒక్కోసారి కోయాలి, ఆ భారం ఎక్కువగా ఆడవాళ్లదే. సంప్రదాయం పేరు చెప్పి దాన్ని దాటవేయడం అన్యాయం. ఆ శ్రమకు తగ్గ ధర ఇవ్వాల్సింది కొనేవాళ్లమే.

అందుకే అడుగుతున్నాం. సంఘాల దగ్గరో, రైతుల దగ్గరో కొనేటప్పుడు జొన్నలతో ఆపకండి, అదే చేలోని కందులు, అనుములు, అలసందలు కూడా తీసుకోండి. గింజ చిన్నదనీ రంగు ఒక్కలా లేదనీ బేరమాడకండి. హాస్టళ్లకూ అంగన్‌వాడీలకూ స్థానిక చిరుధాన్యాలు, పప్పులు కొనాలని గ్రామసభల్లో పట్టుబట్టండి. మెట్ట భూమి ఉన్నవారు ఉన్నదంతా మార్చనక్కర్లేదు. అరెకరం కలగలుపు పంటకు వదలండి, ఇంటి విత్తనం దాచండి, ఇరుగుపొరుగు అడిగితే లేదనకండి. ఏ చేలో ఏం విత్తాలో రోహిణి కార్తెకే రైతులు తేల్చుకుంటారు. కొంటామన్న మాట వారికి అంతకు ముందే అందాలి.