పండగ రోజు అందరం ఉన్నాం, ఎండాకాలం ఎవరున్నారు?

ఈ సంక్రాంతికీ మా చెరువు కట్ట మీద కెరె హబ్బ జరిగింది. చెరువు పేరు ఇక్కడ రాయడం లేదు. సర్జాపుర రోడ్డు వైపు ఉన్న మన బంధువులకు ఏ చెరువో చెప్పకుండానే తెలుసు. పొద్దున పక్షుల నడక, మధ్యాహ్నం పిల్లలకు బొమ్మల పోటీ, సాయంత్రం పాటలు, ఒక పక్కగా రాగిముద్ద, అనపగింజల పులుసు అమ్మే దుకాణాలు. ఈసారి వాలంటీర్లు ముందుగానే మా ఇంటికి వచ్చారు. "మీది నాలుగు తరాల నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం కదా, పాత వస్తువులేమైనా ఉంటే ఇవ్వండి, పరంపర అని ఒక స్టాలు పెడతాం" అన్నారు. ఇచ్చాం. కపిల తోలిన మోకు, ఇత్తడి గంగాళం, మా తాత కాలపు ఫోటో ఒకటి. ఆ ఫోటోలో చెరువు కోడి పడిన రోజు మా ఆడవాళ్ళు గంగమ్మకు పూజ చేస్తుంటారు. జనం ఆగి ఆగి చూశారు. మేమూ పక్కన నిలబడి సెల్ఫీలు దిగాం.

రాత్రి ఇంటికొచ్చాక మా అవ్వ, ఎనభై దాటిన మనిషి, ఒకే ముక్క అంది: "ఫోటో సరేరా. పోయిన ఎండాకాలం ఆ కాలువ చెత్త తీసినోడు మీలో ఎవడు?"

ఎవడూ లేడు. అందుకే ఈ రాత.

మేము చెప్పదలచింది మొహమాటం లేకుండా చెప్పేస్తాం. హబ్బ రోజు కట్ట మీద కనబడి, చెరువుకు నిజంగా పని పడే మూడు నెలల్లో కనబడకపోతే, "మా పెద్దల చెరువు" అని చెప్పుకునే హక్కు మనకు లేదు. ఇది వాలంటీర్లకు ఎంత వర్తిస్తుందో మన తెలుగు ఇళ్ళకు అంతకు రెండింతలు వర్తిస్తుంది. వాళ్ళలో చాలామంది పదేళ్ళ కింద వచ్చినవాళ్ళు. మనం అలా చెప్పుకోలేం.

బెంగళూరు చెరువులు వాటంతట అవి పుట్టినవి కావు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, దగ్గర్లో పెద్ద నది లేని ఊరిది. వాన నీళ్ళు పారిపోకుండా మనుషులు కట్టలు వేసి ఆపుకున్నారు. ఒక చెరువు నిండితే నీళ్ళు కోడి మీదుగా దూకి, రాజకాలువ పట్టుకుని కింది చెరువుకు పోతాయి. కైకొండ్రహళ్ళి చెరువు నీళ్ళు సౌళ్ కెరెకు, అక్కణ్ణించి బెళ్ళందూరుకు, ఆ తర్వాత వర్తూరుకు, చివరికి దక్షిణ పినాకినికి. ఈ గొలుసులో ఎక్కడ కాలువ పూడినా కింది చెరువుకు నీళ్ళు అందవు, పైనున్న నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. 2022 సెప్టెంబరులో ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయినవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. 2024 ఎండాకాలంలో బోర్లెండి ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిందీ మనమే. మధ్యలో రెండేళ్ళు కూడా తిరగలేదు.

ఇక పండగల క్యాలెండరు చూడండి. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినం. జూన్ 5న పర్యావరణ దినం. జులై మొదటి వారం వనమహోత్సవం. తర్వాత వినాయక చవితికి మట్టి బొమ్మలు, అక్టోబరులో వన్యప్రాణి వారం, సంక్రాంతికి హబ్బ. మార్చి, ఏప్రిల్, మే ఖాళీ! ఎండలు కదా, ఎవరొస్తారు అంటారు. కానీ నీళ్ళు దిగిపోయి కాలువ నోరు బయటపడేది ఆ నెలల్లోనే. మన పెద్దలు పూడిక తీసి బండ్లకెత్తి చేలకు తోలుకున్నదీ ఆ నెలల్లోనే. ఏప్రిల్ చివర్లోనో మేలోనో మొదటి గట్టివాన పడిందంటే, ఊళ్ళో ఆరు నెలలుగా పేరుకున్న చెత్తంతా ఒక్కసారిగా చెరువుకు బయలుదేరుతుంది. సంచులు, థర్మాకోలు, పాల ప్యాకెట్లు, వీటన్నిటితోపాటు కాలువలో నిలిచిపోయిన మురుగు. ఆ నీళ్ళు పడిన మర్నాడు చేపలు వెల్లకిలా తేలడం మేము చూశాం. కాలువ నోట్లో ఇనుప జాలీ ఉంది. వానకు ముందు దాన్ని శుభ్రం చేయడానికి పదిమంది, ఒక పూట చాలు. వాన పడ్డాక అదే పనికి జేసీబీ కావాలి, దానికి బిల్లు కావాలి, బిల్లుకు సంతకం కావాలి.

మొక్కల సంగతీ అంతే. జూన్ 5న నాటిన మొక్క వానాకాలమంతా మన దయ లేకుండానే బతుకుతుంది. దాని ప్రాణం తీసేది మరుసటి ఫిబ్రవరి నుంచి మే దాకా కాసే ఎండ. మొదటి రెండు మూడు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు బిందెడు నీళ్ళు పోసే దిక్కుంటేనే అది చెట్టవుతుంది. మా చెరువు ఉత్తరపు గట్టు మీద ఒకే గుంటలో మూడేళ్ళు వరసగా మూడు మొక్కలు నాటారు. మూడింటికీ ఫోటోలున్నాయి. గుంట మాత్రం బాగా బలపడింది.

హబ్బకు ముందు ఇంకో పని జరిగింది, దాని మీద మాకు కోపంగానే ఉంది. చెరువు "నీట్‌గా" కనబడాలని ఒడ్డున ఉన్న జమ్ము, తుంగ మొత్తం కోయించేశారు. గుర్రపుడెక్క తీయాలి, అందులో రెండో మాట లేదు. అది నీటిని కప్పేసి గాలి ఆడనివ్వదు. జమ్ము అలాంటిది కాదు. మురుగుతో వచ్చే సారాన్ని కొంతైనా పీల్చుకునేది అదే, నీటికోళ్ళు గూడు పెట్టేదీ అందులోనే. ఒక పక్క కోసి ఒక పక్క వదలాలి. ఇక చలికాలం వలస బాతులు దిగి ఉండే నెలలోనే కట్ట మీద మనిషెత్తు స్పీకర్లు. పొద్దున దుర్బీన్లతో నెమ్మదిగా నడిచి పక్షులను చూపించడం, సాయంత్రం వాటిని లేపి తోలేయడం. పాటలు పక్కనున్న బడి మైదానంలో పెట్టుకుంటే ఎవరికి నష్టం?

హబ్బ వద్దని మేము అనడం లేదు. కైకొండ్రహళ్ళి చెరువు 2009 ప్రాంతంలో ఎండి, మురుగు పట్టి ఉండింది. చుట్టుపక్కల నివాసులు నగరపాలికతో కూర్చుని, పోట్లాడి, దాన్ని మళ్ళీ చెరువు చేసుకున్నారు. ఇప్పుడు అక్కడ గూడబాతులు దిగుతాయి. అక్కడి కెరె హబ్బలు ఆ చెరువు చుట్టూ మనుషులను నిలబెట్టుకోవడానికి పనికొచ్చాయి. మనుషులు పట్టించుకోని చెరువు ఏమవుతుందో ఈ ఊళ్ళో వేరే చెప్పాలా? ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. కాబట్టి పండగ ఉండాలి. పండగతోనే చెరువు రుణం తీరిందనుకోవడం మీదే మా తగాదా.

మన ఇళ్ళల్లో వినబడే జవాబులు రెండున్నాయి. మా చిన్నాయన మాట: "పన్ను కడుతున్నాం, అది కార్పొరేషన్ పని, మీకెందుకురా?" సగం నిజమే. మురుగునీటిని శుద్ధి చేయడం, పెద్ద పూడిక తీయడం, ఆక్రమణలు తొలగించడం ఆదివారం కార్యకర్తలతో అయ్యేవి కావు. 2018 జనవరిలో బెళ్ళందూరు చెరువు తగలబడితే సైనికులు దిగాల్సి వచ్చింది. కానీ ఏ పైపు ఏ రాత్రి కాలువలోకి మురుగు వదిలిందో, ఏ జాలీ విరిగిందో ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు ఎవరు చెబుతారు? ప్రతి వారం వెళ్ళి చూసినవాడు, తారీకుతో సహా రాసిపెట్టినవాడు చెబుతాడు. హబ్బకు మాత్రమే వెళ్ళేవాడి ఫిర్యాదుకు ఏం బరువు ఉంటుంది?

రెండోది మెల్లగా అంటారు: "మనం తెలుగువాళ్ళం, ఇలాంటివాటిలో ముందు నిలబడితే ఏమనుకుంటారో." నాలుగు తరాలుగా ఈ నీళ్ళు తాగి, ఈ మట్టిలో రాగులు పండించి, ఇంకా ఈ మాటా? అక్కడ జాలీ దగ్గర పోయిన ఏడాది ఉన్న నలుగురిలో ఒకరిది ఒడియా, ఒకరిది మలయాళం, ఇద్దరిది కన్నడ. వాళ్ళనెవరూ ఏమీ అనుకోలేదు. లేనిది మనమే.

ఇప్పుడు మా గోడ సంగతి. ఇది దాచి మిగతాది రాస్తే మీరు మమ్మల్ని నమ్మనక్కర్లేదు. 1990లలో మా పెద్దలు కొబ్బరితోటను సైట్లు చేసి అమ్మినప్పుడు కాంపౌండు గోడ కాలువ గట్టు మీదికి మూడడుగులు జరిగింది. అందరూ జరిపారు, మేమూ జరిపాం. ఏ సర్వేయరూ రాకముందే అది మాకు తెలుసు. ప్రతి వానాకాలం ఎదురుగా ఉన్న చిన్న ఇళ్ళలోకి నీళ్ళు పోతుంటే మేడ మీంచి చూస్తూనే ఉన్నాం. ఈ మార్చిలో దాన్ని కొట్టి వెనక్కి కడుతున్నాం. చిన్నాయన మాతో మాట్లాడటం మానేశాడు. ఆయన కాలంలో అది తెలివి. మాకు మాత్రం ఆ మూడడుగులు దగ్గర పెట్టుకుని పరంపర స్టాల్లో నిలబడటం ఇక చేతకాదు.

ఆ స్టాల్లో లేని ఫోటో ఒకటుంది. తూము ఎత్తి దించిన నీరుగంటిది. ఎవరి మడికి ముందు, ఎవరికి తర్వాత, ఎంతసేపు అని తేల్చింది అతనే. చాలా ఊళ్ళలో దళిత కుటుంబాలే ఈ పని చేశాయి. కూలి కళ్ళంలో గింజల వాటాగా అందేది. మైసూరు సీమలో చెరువు కట్టినవాళ్ళకూ కాపాడినవాళ్ళకూ కట్టుకొడిగె అని భూమి మాన్యంగా ఇచ్చేవాళ్ళు. అంటే చెరువును చూసుకోవడం జీతమున్న పని అని పూర్వం వాళ్ళకు తెలుసు. మా చెరువు నీరుగంటి మనవడు ఇవాళ అదే చెరువు గేటు దగ్గర సెక్యూరిటీ. హబ్బ రోజున అతను ఎండలో నిలబడి కార్లు పార్కు చేయించాడు. స్టేజీ మీద శాలువా మాకు కప్పారు.

ఇంకొకటి. చెరువును పార్కు చేసి గేటు పెట్టాక, బర్రెలకు గడ్డి కోసుకునే ఆడవాళ్ళను లోపలికి రానివ్వడం లేదు. అదే గడ్డి తీయడానికి ఏటా డబ్బిచ్చి మనుషులను పెడుతున్నారు. వాకింగ్ చేసేవాళ్ళకు పొద్దునా సాయంత్రం వేళలున్నాయి, గడ్డి మోపుకు ఏ వేళా లేదు. ఈ తెలివి ఎవరిదో గానీ, మా అవ్వకు చెబితే నవ్వింది.

అందుకని వచ్చే హబ్బకు మా మోకు, గంగాళం ఇవ్వాలంటే మాకు మూడు షరతులున్నాయని వాలంటీర్లతో చెప్పాం. స్పీకర్లు కట్ట దిగాలి. గడ్డి కోసేవాళ్ళకు వారానికి మూడు పొద్దులైనా గేటు తెరవమని మాతోపాటు వాళ్ళూ అర్జీ పెట్టాలి. స్టాల్లో నీరుగంటి కథ ఉండాలి, దాన్ని చెప్పేది అతని మనవడే కావాలి, ఆ రోజు జీతం పోకుండా. వాళ్ళు మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. మిగతా రెండింటికీ "మీటింగులో పెడతాం" అన్నారు. మీటింగుకు మేమూ వెళ్తున్నాం.

షోలాపూరు, బరంపురం, చెన్నై, యానాం నుంచి ఇది చదువుతున్న మనవాళ్ళారా, మీకూ ఒక సిద్ధేశ్వర్ చెరువో, ఒక పళ్ళికరణై చిత్తడో, గోదావరి ఒడ్డో ఉంది. అక్కడా పండగలు జరుగుతూనే ఉంటాయి. మేలో అక్కడ పని చేస్తున్నది ఎవరో ఒకసారి వెళ్ళి చూసి మాకు రాయండి.

బెంగళూరులో ఉన్నవాళ్ళకు మాత్రం రాయడం కాదు, రావడమే. ఉగాది తర్వాత వచ్చే మొదటి ఆదివారం నుంచి మే చివరి దాకా, ప్రతి ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు, కాలువ జాలీ దగ్గర. మురుగులోకి ఎవరూ దిగకూడదు. గట్టు మీంచే కొక్కేలతో లాగుదాం. పారలు, బాండ్లీలు, కొక్కేలు మావి. రబ్బరు గ్లౌజులు, మూసిన బూట్లు మీరు తెచ్చుకోండి. పిల్లలను తెస్తే వాళ్ళకు మొక్కలకు నీళ్ళు పోసే పని ఉంది. అవ్వ రాగి అంబలి కాచి పంపుతానంది. ఎంతమంది వస్తున్నారో శనివారం రాత్రికల్లా చెప్పండి, పిండి నానబెట్టాలట.